పొట్ట దిగిన గొట్టం

మార్చి పదిహేడు, మంగళవారం. ఆ మధ్యాహ్నం మేము తిన్నది రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు, ఉప్పు కాస్త తగ్గిన బంగాళాదుంప కూర. ఇంత కచ్చితంగా గుర్తుండడానికి కారణం ఉంది. కంచాలు కడిగిన పావుగంటకు ఆ కూరలోని రెండు ముక్కలు బాత్రూం జాలీ మీద తేలుతూ మళ్లీ దర్శనమిచ్చాయి. వంటింటి సింకులోంచి పోయినవి పోయినట్టు ఉండక, గోడ అవతల పైకి వచ్చి, మమ్మల్ని గుర్తుపట్టారా అన్నట్టు గుండ్రంగా తిరుగుతున్నాయి.

మా కోడలు చీపురు పట్టుకుని వాటినే చూస్తూ నిలబడింది. ఆమె రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. సీసాలో ఏ ద్రవం పోసి చూపించినా మొహం చిట్లించని మనిషి. ఆ రోజు మాత్రం చిట్లించింది. నీళ్లను చూసి కాదు, మేడ మీంచి దిగుతున్న చెప్పుల చప్పుడు విని.

"వస్తున్నారు," అంది. "ఈసారి ఎన్నో నంబరు సర్క్యులరో."

వస్తున్నది మా ఆవిడ అన్నయ్య. పెళ్లి చేసుకోలేదు. మేడ మీది గదిలో ఉంటాడు, భోజనం మాతోనే. ప్రభుత్వ ఆఫీసులో ముప్పై అయిదేళ్లు పనిచేసి హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. ఆఫీసు ఆయన్ని వదిలిపెట్టింది గానీ ఆయన ఆఫీసుని వదిలిపెట్టలేదు. ఇంటికి సంబంధించిన ప్రతి విషయానికీ ఒక ఫైలు, ప్రతి ఫైలుకీ ఒక నంబరు, ప్రతి నంబరు కిందా తన పేరుతో చేయించుకున్న రబ్బరు ముద్ర. వెనకాల అందరూ సర్క్యులర్ మామయ్య అంటారు. మేమిద్దరం మాత్రం ఒకరినొకరం బావా అని పిలుచుకుంటాం. ఈ ఇల్లు కట్టిన రోజుల్లో నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పుకుంటుంటే, సెలవు పెట్టి మరీ దగ్గరుండి కట్టించింది ఆయనే. అందుకని ఇంట్లో ఏది చెడినా ఆయనకి వ్యక్తిగతంగా అవమానం.

నాలుగు నెలల్లో గొట్టం పూడుకుపోవడం ఇది అయిదోసారి. మనిషి వచ్చి పొడుగాటి కడ్డీ వేసి పొడిచి వెళతాడు. మూడు వారాలు బాగుంటుంది. మళ్లీ మొదలు. మొదటిసారి బాత్రూం తలుపు మీద తిండి మెతుకుల గురించి ఒక సర్క్యులర్ వెలిసింది. రెండోది సబ్బు ముక్కల మీద. మూడోది చదివితే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి: "పొడుగు జుట్టు గల సభ్యులు స్నానానంతరం జాలీని పరిశీలించి, దిగువ పట్టికలో తేదీ, సమయం వేసి సంతకం చేయవలెను." మా బావ తల నున్నటి గచ్చు. నా తల మీద మిగిలినవి లెక్కపెట్టుకోదగినన్ని. మా అబ్బాయి నెలకోసారి మెషిన్‌తో గీయించుకుంటాడు. ఇక సభ్యులు అన్న బహువచనం గౌరవార్థకమే.

కోడలు రెండు వారాలు సంతకాలు పెట్టింది. తర్వాత పెట్టడం మానేసి, పెరట్లో బకెట్ పెట్టుకుని వంగి తలంటుకోవడం మొదలుపెట్టింది. దువ్వెనకి వచ్చిన జుట్టుని ల్యాబు కవర్లలో వేసి, తేదీ రాసి, అలమర మీద వరసగా పెట్టింది. జుట్టు ఒక్క పోగు కూడా గొట్టంలోకి పోలేదనడానికి సాక్ష్యం. అయినా గొట్టం పూడుకుంది.

"పాత జుట్టు," అన్నాడు మా బావ. "లోపల బకాయి ఉంటుంది."

అంతకు ముందురోజే కోడలు మా అబ్బాయితో నాకు వినిపించేలాగే చెప్పింది. ల్యాబు పక్కవీధిలో రెండు గదుల వాటా ఉందట. ఆదివారం లోపల ఏదో ఒక మాట చెప్పమన్నారట. "ఇల్లు ఇరుకైనా ఫర్వాలేదు. చెయ్యని తప్పుకి రోజూ సంతకం పెట్టడం నా వల్ల కాదు. ఈ ఇంట్లో జుట్టు మాట ఇంకొక్కసారి వినిపిస్తే ఆదివారం ఫోన్ చేసి సరే అనేస్తాను."

మా అబ్బాయి, "చూద్దాం," అన్నాడు. వాడు అయిదో ఏట నుంచీ అదే మాట అంటున్నాడు. ఇంతవరకూ ఏమి చూశాడో తెలియదు.

మరి నేనేం చేశానంటే ఏమీ చెయ్యలేదు. నేను మెతక మనిషినని పేరు. అందులో ఒక సుఖం ఉంది. ఎదురుగా ఒకళ్లకి అన్యాయం జరుగుతున్నా నోరు మెదపకుండా కూర్చుంటే, ఎంత నెమ్మదస్తుడో అని జనం మెచ్చుకుంటారు.

బావ లోపలికి వచ్చి, కళ్లజోడు నుదుటి మీదకి తోసి, జాలీ మీదకి వంగాడు.

"ఏమైందమ్మా?"

"బంగాళాదుంపలు తిరిగొచ్చాయి మామయ్యగారూ."

"అది కనిపిస్తూనే ఉంది. వాటికి అడ్డం పడింది ఏమిటన్నది ప్రశ్న." ఇంకాస్త వంగాడు. "ఏదో చిక్కుకుంది. సన్నటిది. పొడుగాటిది."

కోడలు చీపురుని గోడకి ఆనించింది. "పూర్తిగా అనేయండి. ఆదివారం దాకా ఎందుకూ."

"కెమెరా ఉన్న మనిషిని పిలుద్దాం," అన్నాను. ఏడాది మొత్తం మీద నేను తెగించి అన్న మాట అది. కెమెరా సంగతి కూడా నాకు తెలిసింది కాదు. ల్యాబు వెనక గొట్టాన్ని అలా చూశారని కోడలే ఎప్పుడో చెప్పింది.

"కెమెరా ఎందుకు బావా? గొట్టం ఫోటో తీసి హాల్లో తగిలిస్తావా?"

"మా దగ్గర రక్తం చూడకుండా రోగం పేరు చెప్పరండీ," అంది కోడలు.

మర్నాడు పొద్దున గొట్టాలాయన వచ్చాడు. యాభై ఏళ్లుంటాయి. బూట్ల మట్టి గుమ్మం బయటే దులుపుకుని, తుడుచుకోవడానికి తన గుడ్డ తనే తెచ్చుకుని వచ్చాడు. ఎవరి మీదా తప్పు మోపకుండా ముందు ప్రశ్నలు అడిగాడు. మా ఇంట్లో అది కొత్త పద్ధతి.

"ఒక్క బాత్రూంలోనే నిలుస్తుందా, సింకులో కూడానా?"

"రెండిట్లోనూ," అన్నాను.

"సింకు నీళ్లు వదిలితే ఇక్కడ గుడగుడ వినిపిస్తుందా?"

"వినిపిస్తుంది," అంది కోడలు. "ఎవరో నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తున్నట్టు."

"జుట్టు..." అని మా బావ మొదలుపెట్టాడు.

"జుట్టయితే జాలీ దగ్గరే ఉంటుందండీ. వేలితో తీసి పారేస్తాం. రెండు చోట్లా ఒకేసారి నిలుస్తోందంటే తేడా ఆ రెండూ కలిసిన తర్వాత ఉంది. కడ్డీ వేసినప్పుడల్లా ఎన్ని అడుగుల దగ్గర తగిలిందో ఎవరికైనా గుర్తుందా?"

ఇలాంటి ప్రశ్న కోసం మా బావ జీవితమంతా ఎదురుచూశాడు. పరుగున మేడ మీదకి వెళ్లి ఫైలు తెచ్చాడు. పేజీలు తిప్పి, గొంతు సవరించుకుని, ఆఫీసులో చదివినట్టు చదివాడు. "మొదటిసారి పదకొండు అడుగులు. రెండోసారి పదకొండు. మూడోసారి పన్నెండు. నాలుగోసారి పదకొండు."

"ఎప్పుడూ అక్కడే," అన్నాడు గొట్టాలాయన. "జుట్టు ప్రతిసారీ టేపు పెట్టి కొలుచుకుని వెళ్లి అక్కడే కూర్చోదు కదండీ."

బావ ఫైలు మూశాడు. చాలా జాగ్రత్తగా రాసిపెట్టి, తనకి వ్యతిరేకంగా తనే సాక్ష్యం చదివిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

పెరట్లో ఉన్న గొట్టం మూత తీసి, తీగ చివర కెమెరా కట్టి లోపలికి వదిలారు. చిన్న టీవీ మీద మా ఇంటి గొట్టం కనిపించింది. చెప్పుకోదగ్గ అందమేమీ లేదు. పది అడుగుల వరకూ అడుగున సన్నటి ధార. పదకొండో అడుగు దగ్గర కెమెరా బుడుంగున నీళ్లలో మునిగింది. మసక. మరో అయిదడుగులు పోయాక మళ్లీ తేలింది.

"ఒక గంటసేపు ఇంట్లో ఎవరూ చుక్క నీళ్లు వాడకండి," అన్నాడాయన. "వాలు సరిగ్గా ఉంటే నీళ్లన్నీ వీధిలోని మురుగు చాంబర్లోకి వెళ్లిపోవాలి. గంట తర్వాత కూడా అక్కడే ఉన్నాయంటే గొట్టం పొట్ట దిగినట్టు."

ఆ గంటా గొట్టాలాయనతో కలిపి నలుగురం పెరట్లో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. అరగంట కాగానే మా బావ రెండుసార్లు బాత్రూంకని లేచి, రెండుసార్లు కోడలి మొహం చూసి కూర్చున్నాడు. మూడోసారి లేచినప్పుడు ఆమె, "సంతకం పెట్టి వెళ్లండి," అంది. ఆయన వెళ్లలేదు. మోకాళ్లు దగ్గరకి పెట్టుకుని మిగతా అరగంటా అలాగే ఉన్నాడు. ఆ పట్టుదలని మాత్రం మెచ్చుకోవాలి.

గంట తర్వాత కెమెరా మళ్లీ పదకొండో అడుగు దగ్గరే మునిగింది.

"చూశారా. ఇక్కడ గొట్టం ఉయ్యాలలా కిందికి దిగింది. నీళ్లు మధ్యలో నిలబడిపోతాయి. బరువైనదంతా అక్కడే పేరుకుంటుంది. కడ్డీతో పొడిస్తే దారి పడుతుంది గానీ గుంట పోదు. మళ్లీ నిండుతుంది. మనుషులు ఎంత శుభ్రంగా ఉన్నా అంతే." ఆ చివరి మాట ఆయన కోడలి వైపు చూసి అన్నాడు. ఎవరూ అడక్కుండానే. అలాంటి మాటకి మనం చెప్పుకునే కృతజ్ఞతలు ఎప్పుడూ చాలవు. "కింద నేల గట్టిగా లేకపోతే ఇలా అవుతుంది. వేసినప్పుడు అడుగున ఏం పోశారు?"

"గట్టి నేలే," అన్నాడు బావ. "నేను దగ్గరుండి చూశాను." చెప్పి, నా వైపు చూశాడు.

ఆ చూపుతో నాకు గుర్తొచ్చింది. ముప్పై ఒక్క ఏళ్ల కిందటి ఒక సాయంత్రం. కందకం తవ్వినవాళ్లు ఒకచోట మూరెడు లోతు ఎక్కువ తవ్వేశారు. మర్నాడు గొట్టం వెయ్యాలి, ఇసుక లేదు. వరండాలో నా కాలేజీ ఆన్సరు పేపర్ల కట్టలు ఉన్నాయి, దిద్దేసి, గడువు తీరిపోయి, చిత్తుకాగితాల వాడి కోసం ఎదురుచూస్తున్నవి. మా బావ వాటిని బొటనవేలితో నొక్కి చూశాడు. "బావా, ఒత్తుగా కట్టిన కాగితం ముందు చెక్క కూడా పనికిరాదు. మా ఆఫీసులో ఇనప బీరువాకి కాలు విరిగితే పాత ఫైళ్లు పెట్టాం. పదేళ్లయింది, వెంట్రుకవాసి దిగలేదు." ఆఫీసులో కాగితాల బరువు మోసిన మనిషికి కాగితం దేన్నయినా మోస్తుందని నమ్మకం. నాకు ఆయన మీద నమ్మకం. ఇరవై రెండు కట్టలు సిమెంటు సంచుల్లో కుక్కి, నా చేతులతో నేనే కందకంలోకి అందించాను. ఇద్దరు చదువుకున్నవాళ్లు ఉంటే తప్ప అలాంటి పని జరగదు.

గొట్టాలాయన శనివారం తవ్వుతానని చెప్పి వెళ్లిపోయాడు. బావ నన్ను మెట్ల కిందికి పిలిచాడు.

"శనివారం పిల్లలిద్దర్నీ ఎక్కడికైనా పంపు బావా. మనం తవ్వించి, పూడ్పించేద్దాం. జుట్టు సర్క్యులర్ నేను చడీచప్పుడు కాకుండా తీసేస్తాను. ఆ అమ్మాయికి కావలసింది అదేగా."

నాకు అది సబబుగానే తోచింది. ఒక గంటసేపు. ఎవరి మనసూ నొచ్చుకోకుండా జరిగిపోతుంది కదా అని.

మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లాను. సింకు పక్కన మేకుకి ఇప్పటికీ ఒక పల్చటి గుడ్డ వేలాడుతూ ఉంటుంది. ఇరవై ఏళ్ల కిందట కూడా ఈ గొట్టం ఒకటి రెండుసార్లు మొరాయించింది. అప్పుడు మా బావా నేనూ కలిసి, బియ్యం కడిగిన నీళ్లతో పాటు గింజలు పోతున్నాయని మా ఆవిడ మీద తేల్చాం. ఆమె వాదించలేదు. ఆ రోజు నుంచీ సింకులో పోసే ప్రతి గిన్నెడు నీళ్లూ ఆ గుడ్డలో వడకట్టింది. జ్వరంతో ఉన్నప్పుడు కూడా. "నా చెయ్యి జారుడు చెయ్యి లెండి," అని తనే నవ్వేది. తప్పు తనదేననుకుంటూనే కన్నుమూసింది.

ఆ సాయంత్రం కోడలు నా పాల గ్లాసు మీద మూత పెట్టి బల్ల మీద ఉంచింది. ఇంత జరుగుతున్నా ఆ మూత పెట్టడం ఏ రోజూ మరిచిపోలేదు. నేను గ్లాసు ముట్టుకోకుండా చెప్పాను.

"తవ్వితే కాగితాలు వస్తాయమ్మా. నావే. గొట్టం కింద పెట్టింది మేమే."

ఆమె ఎదురుగా కూర్చుంది. "ఎప్పుడు గుర్తొచ్చింది మీకు?"

"ఇవాళే. ఆయన నా వైపు చూసినప్పుడు."

"మీరు చెప్పకపోయినా తవ్వినప్పుడు బయటపడేదిగా."

"మిమ్మల్ని బయటికి పంపి తవ్విద్దామనుకున్నాం."

"అనుకున్నాం అంటే? మీరు కూడానా?"

"ఒక గంటసేపు, నేను కూడా."

ఆమె చూపు సింకు పక్కన గుడ్డ మీదకి పోయింది. "అత్తయ్యగారిని కూడా ఇలాగే అన్నారు కదూ?"

"అన్నాం."

"ఆవిడకి ఇప్పుడెవరూ చెప్పలేరు. నాకు చెప్పొచ్చు. రాసి చెప్పమనండి. మూడు సర్క్యులర్లు అంటించిన తలుపు మీదే నాలుగోది అంటించాలి. తప్పు ఎవరిదో, ఎందుకో, తిన్నగా. ఆయన చేత రాయించడం మీ పని. ఆదివారం లోపల."

మేడ మీద మా బావ నా మాట విని కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. "రాతపూర్వకంగానా? బావా, నా ముప్పై అయిదేళ్ల సర్వీసులో తప్పు జరిగిందని ఒప్పుకున్న కాగితం మీద నా సంతకం లేదు."

"తప్పు జరగలేదా మరి?"

"జరిగింది. రాయలేదు. రెండూ వేరు."

"ఇద్దరం కలిసి చేశాం. ముందు నా సంతకం పెడతాను."

"నువ్వు లెక్చరరువి. నీ సంతకానికి విలువేముంది?"

"అయితే నువ్వు పెట్టు. విలువ నీదే కదా." ఎప్పుడూ లేనిది నేను అక్కడే నిలబడ్డాను. ఆయన కూర్చోమన్నా కూర్చోలేదు. చివరికి ఆయన కాగితం తీశాడు.

గురువారం మొదటి చిత్తుప్రతి వచ్చింది. "నేల స్వభావరీత్యా ఏర్పడిన అనివార్య పరిస్థితుల దృష్ట్యా..." అని మొదలైంది. కోడలు ల్యాబులో వాడే ఎర్ర పెన్ను తీసి ఆ వాక్యమంతా కొట్టేసింది. శుక్రవారం రెండోది వచ్చింది. "కొందరి వల్ల" అని ఉంది. కొందరి కింద గీత గీసి, "పేర్లు?" అని రాసి పంపింది. మా అబ్బాయి ఆ కాగితాలు మెట్ల మీద కిందికీ పైకీ మోశాడు. జీవితంలో మొదటిసారి చూద్దాం అనకుండా ఒక పని చేశాడు.

శనివారం పొద్దున పదకొండో అడుగు దగ్గర తవ్వారు. నలుగురం ఉన్నాం. గొట్టం తీశాక కింద సంచులు కనిపించాయి. పైవాటిలో కాగితం నానిన రొట్టెలా జావ అయిపోయింది. అడుగున ఒక సంచి మాత్రం చిరగలేదు. గొట్టాలాయన దాన్ని కర్రతో విప్పాడు. ఆయన చాలా ఇళ్లలో చాలా చూసి ఉంటాడు. అయినా కాసేపు తల గోక్కున్నాడు.

"ఇవేంటండీ?"

"పరీక్ష పేపర్లు," అన్నాను.

"గొట్టం కిందా?"

మా బావ ఆకాశం వైపు చూస్తున్నాడు. కోడలు చేతికి గ్లవుజు తొడుక్కుని పైన ఉన్న కాగితం ఎత్తి, వెలుతురుకి పట్టుకుంది. "ఆ ప్రాచీన నగరంలో మురుగు కాలువలు చక్కని వాలుతో, ఎక్కడా నీరు నిలవకుండా నిర్మించిరి," అని చదివింది. "పదికి నాలుగు వేశారేం మామయ్యగారూ? ఇంకో రెండు వెయ్యాల్సింది."

"వాడికి తెలిసింది మాకు తెలియలేదమ్మా," అన్నాను. ఆమె నవ్వు ఆపుకోవాలని చూసి, ఆపుకోలేకపోయింది.

సంచులన్నీ తీసి, గుంటలో కంకర, దాని మీద ఇసుక పోసి, పొరపొరకీ తడిపి దిమ్మిసతో గట్టిగా కొట్టారు. తాడు లాగి కట్టి, నాలుగు అడుగులకి అంగుళం చొప్పున వాలు చూసుకుని కొత్త ముక్క వేశారు. మా బావ సలహా ఇవ్వబోయేసరికి గొట్టాలాయన తాడు చివర ఆయన చేతిలో పెట్టి, "ఇది కదలకుండా పట్టుకోండి సార్, ముఖ్యమైన పని," అన్నాడు. గంటన్నర ఎండలో, మాట్లాడకుండా, కదలకుండా పట్టుకున్నాడు. మట్టి పూడ్చకముందు బాత్రూంలో రంగు నీళ్లు ఒక బకెట్ వదిలారు. వీధి చాంబర్లోకి గలగలమని వచ్చి పడ్డాయి. కెమెరా ఎక్కడా మునగలేదు.

ఆదివారం మధ్యాహ్నం బాత్రూం తలుపు మీద పాత సర్క్యులర్లు మూడూ లేవు. కొత్తది ఒక్కటే ఉంది. "గొట్టం పూడుకుపోవడానికి కారణం దాని కింద కాగితాలు పెట్టడం. పెట్టినవారు దిగువ సంతకం చేసిన ఇద్దరు. గతంలో ఈ విషయమై ఈ ఇంటి కోడళ్లు ఇద్దరి మీదా వేసిన నింద అబద్ధం." కింద నా సంతకం, పక్కన ఆయన సంతకం, దాని మీద ముద్ర. ఇద్దరి మీదా అన్న మాట కోడలు అడగలేదు. నేనూ చెప్పలేదు. చెల్లెలి మాట ఆయనే రాశాడు. రాస్తూ పెన్ను ఆగినట్టుంది, అక్కడ సిరా చుక్క ఒకటి లావుగా పడింది.

కోడలు దాన్ని నిలబడి రెండుసార్లు చదివింది. మా బావ మెట్ల మీద సగంలో ఆగి, రైలింగు పట్టుకుని, పరీక్ష రాసిన పిల్లాడిలా చూస్తున్నాడు.

"తేదీ వెయ్యలేదు," అంది.

ఆయన గబగబా దిగి వచ్చి తేదీ వేశాడు.

సాయంత్రం ఆమె ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లింది. నేను పేపరు చదువుతున్నట్టు నటించాను. ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను. తిరిగి వచ్చి, "ఆ వాటా వేరేవాళ్లకి ఇచ్చుకోమన్నాను," అంది. "మళ్లీ ఎవరైనా ఏమైనా అంటే ఇంకో వాటా దొరక్కపోదు."

"దొరుకుతుంది," అన్నాను. "ఈసారి నేనే వెతికిపెడతాను."

భోజనాలయ్యాక తలంటుకుని వచ్చింది. బాత్రూంలోనే. తువ్వాలు తలకి చుట్టుకుని, మా ఆవిడ వడకట్టే గుడ్డ మేకు మీంచి తీసి ఉతికి, మడిచి నా చేతికిచ్చింది. మేడ మీద అప్పటికే దీపం ఆరిపోయింది. రెండు రోజులు చిత్తుప్రతులు రాసి, ఒక పూట తాడు పట్టుకున్న మనిషి తొందరగా పడుకున్నాడు. ఆయనకి మెలకువ రాకుండా ఆమె వీధి తలుపుని చేత్తో ఆపి ఆపి దగ్గరకి వేసి, గడియని రెండు వేళ్లతో మెల్లగా జరిపింది.